లీటరు ధర మీద ఆపాతో తగువు

నెలాఖరు సాయంత్రం ఖతర్‌లో అందరి ఫోన్లకూ ఒకే కబురు వస్తుంది, వచ్చే నెల పెట్రోలు లీటరు ఎంత అని. మారితే పైసల్లో మారుతుంది. చాలాసార్లు అదీ మారదు. అందుకే ఎవరూ చదవరు. నేను చదువుతాను. ప్లస్ టూ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పి బతికేదాన్ని, నేనూ చదవకపోతే ఎలా? మొన్న ఆ కబురు కిందనే ఇంకో కబురు ఉంది. నిజామాబాద్ నుంచి ఆపా భర్త పంపాడు. ఆపా పోయింది. జ్వరమన్నారట, ఆసుపత్రిలో చేర్చారట, అంతలోనే అయిపోయిందట.

ఆమె ఇక్కడున్న రోజుల్లో ధర కబురు నాకు ఆమె నుంచే వచ్చేది, వెనకే ఆమె వాయిస్ మెసేజీతో సహా. "టీచరమ్మా, రేటు పెరగలే. నువ్వు గూడ జర తగ్గు." నేను తగ్గేదాన్ని కాదు. ఆవిడా తగ్గేది కాదు.

ఆపా అంటే అక్క. స్కూల్లో అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు, ప్రిన్సిపాల్ కూడా. అల్ వక్రాలో మేముండే బిల్డింగులోనే కింది అంతస్తులో వాళ్ళుండేవాళ్ళు. మా స్కూల్లో ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు నేర్పేది. మా ఆయన మా కారు తీసుకుని పొద్దున్నే లుసైల్‌లో ఆఫీసుకు వెళ్ళిపోయేవాడు. అది ఒక దిక్కు, మా స్కూలు ఇంకో దిక్కు. కాబట్టి నేను ఆపా కారెక్కేదాన్ని. పెట్రోలుకు నా వంతు ఇస్తానని మొదటి వారంలోనే అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది.

"నీళ్ళ కంటె అగ్గువ దానికి పైసలా? నువ్వు మాట్లాడుకుంట కూసో, చాలు."

"నీళ్ళ కంటే చౌకేం కాదు ఆపా. డబ్బాతో కొనే నీళ్ళూ ఇదీ దాదాపు సమానం."

"సూడు, మొదలువెట్టినవ్," అంది. ఆ పొద్దుటి నుంచే మా తగువు మొదలైంది.

ఆమె బండి నడిపే తీరు చెప్పాలి. బిస్మిల్లా అని తాళం తిప్పేది. కుడికాలి చెప్పు విప్పి సీటు కిందికి తోసేది. ఎందుకని అడిగితే, "బ్రేకు ఏమంటుందో కాలుకు ఇనవడాలె గదా" అనేది. ఎండకు చేతులు మాడకుండా మోచేతుల దాకా నల్ల తొడుగులు. హారన్ కొట్టేది కాదు, అది బజారు పని అట. వెనక నుంచి పెద్ద బండివాడెవడైనా లైట్లు కొడుతూ మీదికొస్తే, అద్దంలో వాడితో మాట్లాడేది. "యల్లా, పో బిడ్డా పో. నీ పెండ్లికి లేటైతున్నట్టున్నది." లైసెన్సు పరీక్షలో ఎన్నిసార్లు ఫెయిలైందో అడిగినప్పుడల్లా కొత్త సంఖ్య చెప్పేది. వాళ్ళాయనకు డ్రైవింగంటే భయం. ఆయన్ని 'మా సాబ్' అనేది. ఆయన బిర్కత్ అల్ అవామిర్‌లో ఓ కంపెనీ గోదాములో స్టోర్‌కీపరు. కంపెనీ బస్సులో పోవడం, రావడం. కూరగాయలకైనా, డాక్టరు దగ్గరికైనా ఎవరో ఒకరిని బతిమాలుకోవాల్సి వచ్చేది. నలభై దాటాక ఆపాకు విసుగు పుట్టి నేర్చుకుంది.

"లైసెన్సు చేతిల వడ్డ దినం ఏం జేసినవని అడుగు," అందొకసారి.

"ఏం చేశారు?"

"ఒక్కదాన్నే సముద్రం దాక పోయిన. బండి దిగలే. సూసి మళ్ళొచ్చిన. ఎందుకు పోయినవని అడిగేటోడు లేడు."

ఇక ఆమె అసలు జబ్బు. స్కూలుకు ముందు ఒక రౌండెబౌట్ ఉంది. అక్కడికి వచ్చేసరికి మా వాదన తెగకపోతే ఆపా బయటికి తిరిగేది కాదు. చుట్టూ ఇంకో చుట్టు వేసేది. అప్పటికీ తెగకపోతే ఇంకోటి. ఓసారి అలా తిరుగుతుంటే మా పీటీ మాస్టారు స్కూటరాపి, "మేడమ్, దారి తప్పారా?" అని అరిచాడు. "దారి తప్పలే, మీ టీచరమ్మ మాట తప్పుతున్నది," అని ఆపా అద్దం దించి మరీ చెప్పింది.

ఆ రోజు వాదన నాకు బాగా గుర్తు. పెట్రోలు ఇక్కడ ఇంత చౌకగా, మన దగ్గర అంత ఖరీదుగా ఎందుకుంది? ఆపా సిద్ధాంతం చాలా తేలిక.

"గిక్కడ బాయి ఇంటెన్కనే ఉన్నది. తోడుకుంటున్నరు, పోసుకుంటున్నరు. మన దిక్కు ఓడల మీద మోసుకపోవాలె. మోత కూలి. గంతే. గిందుకు కాలేజీ సదువులెందుకు?"

"నార్వేకి కూడా బావి ఇంటి వెనకే ఉంది. వాళ్ళ సముద్రంలోనే తోడుకుంటారు. మరి అక్కడ పెట్రోలు మన దేశంలో కంటే ఎక్కువ."

"గదెక్కడున్నది?"

"పైన. చలిదేశం."

"మరింకేం? గడ్డ కట్టుకపోయి ఉంటది. కాగవెట్టే ఖర్చు."

ఇలాంటి మనిషితో ఎలా వాదిస్తారు? అయినా వాదించాను. ముడి చమురు సంతలో అందరికీ ఇంచుమించు ఒకటే ధర. ఓడ కిరాయి లీటరుకు పంచితే పడేది కాస్తే. తేడా అంతా ప్రభుత్వం చేతిలో ఉంది. ఇక్కడ ప్రభుత్వం తన నూనె తనే తీసి, తనే శుద్ధి చేసి, బంకు దగ్గర పన్ను వెయ్యకుండా తనే ధర ప్రకటిస్తుంది. మనం నూనె చాలావరకు బయట కొంటాం. దాని మీద ఢిల్లీ ఒక పన్ను, రాష్ట్రం ఇంకో పన్ను వేస్తాయి. నార్వేవాళ్ళు నూనె ఉండి కూడా గట్టిగా పన్ను వేస్తారు, ఎక్కువ తగలెయ్యకుండా ఉండాలని. దేశాల మధ్య తేడా భూమిలో కంటే ఖజానాలోనే ఎక్కువ ఉంది. ఇదంతా చెప్పేసరికి రౌండెబౌట్ మధ్యలోని గడ్డి నాకు కంఠతా వచ్చింది.

ఆపా ఆలోచించింది. "మా దిక్కు లారీలోళ్ళు మహారాష్ట్ర బార్డర్ కాడ ఆగి అడుగుతరు. ఎటు అగ్గువుంటె అటు పోయించుకుంటరు. ఒక్కటే రోడ్డు."

"అదే నేను చెప్పేది! రోడ్డు ఒకటే, నూనె ఒకటే, పన్ను వేరు."

"నేన్జెప్పేది గూడ గదే గదా. బార్డర్ దాటినంక దూరమైతది."

ఒప్పుకున్నట్టే ఒప్పుకుని తన మాట దగ్గరికే చేరేది. నాకు ఒళ్ళు మండి పెద్ద మాటలకు దిగాను. పన్ను కట్టేవాడికి అడిగే హక్కు ఉంటుందని, మన దగ్గర ఆ పన్నుతోనే రోడ్లూ బడులూ అని, కట్టాం కాబట్టి ఓటేసి నిలదీస్తామని ఉపన్యాసం ఇచ్చాను. క్లాసులో అయితే ఈ పాటికి ఇద్దరు నిద్రపోయేవాళ్ళు. ఆపా శ్రద్ధగా విని, స్కూలు గేటు దగ్గర బండి ఆపి, చెప్పు తొడుక్కుంటూ అంది.

"మన దిక్కు నాకు ఓటున్నది టీచరమ్మా. బండి తాళంచెవే లేదు."

అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. ఎండాకాలం సెలవులయ్యాక అయింది.

ఆ సెలవులకు ఆపా సాబ్‌తో కలిసి నిజామాబాద్ వెళ్ళి వచ్చింది. తిరిగొచ్చాక మొదటి రోజు ఎప్పటిలాగే బంకు దగ్గర ఆగింది. ఇక్కడ పెట్రోలు పోయించుకునే పద్ధతి ఆమెకో ముచ్చట. అద్దం సగం దించి, అరచెయ్యి బోర్లించి గడ్డం కింద పెట్టేది. గొంతు దాకా అని. "ఫుల్, భాయ్" అనేది. మీటరు వైపు చూసేది కాదు. నేపాలీ అబ్బాయి పోస్తున్నంతసేపూ అద్దంలో చున్నీ సర్దుకునేది. ఆ రోజు మాత్రం చెయ్యి గడ్డం దాకా వెళ్ళి ఆగింది. తర్వాత మెల్లగా "ఫుల్" అంది. బంకు దాటి మెయిన్ రోడ్డెక్కాక చెప్పడం మొదలుపెట్టింది.

"ఊర్ల మా మరిది కారు తీసిన. ఇక్కడ స్టీరింగ్ ఎడమకు, గక్కడ కుడికి. గేరు కోసం నా కుడిచెయ్యి తలుపు దిక్కు పోతున్నది. స్టీరింగ్ గా దిక్కు, లోకమంత గీ దిక్కు. అయినా మంచిగనే నడిపిన. బంకుకు పోయిన. ఏమన్న?"

"ఫుల్ అన్నారా!"

"నోట్లకెళ్ళి వచ్చేసింది. అలవాటు. బంకు పిల్ల రెండుసార్లు అడిగింది, 'ఫుల్లా అమ్మా?' అని. నేను ఆ దిక్కే సూస్తలేను, అద్దంల చున్నీ సదురుకుంటున్న."

నాకు నవ్వు ఆగలేదు. మన ఊళ్ళల్లో పెట్రోలును ఎవరైనా లీటర్లలో అడుగుతారా? వందకు కొట్టు, రెండొందలకు కొట్టు అంటారు. జేబు ఎంతంటే ట్యాంకు అంతే. ఫుల్ అనేది పెళ్ళికి వెళ్ళేవాడో, ఎన్నికల్లో తిరిగేవాడో. తన దగ్గర అంత లేక ఆపా ఇంటికి ఫోన్ చేసింది. మరిది బైకు మీద పరిగెత్తుకొచ్చాడు. వెనక లైన్లో నిలబడ్డవాళ్ళకు మంచి కాలక్షేపం.

"గిక్కడి దాక నవ్వేదే," అంది ఆపా. "ఇంటికొచ్చినంక కచేరి వెట్టిండ్రు. మరిది, అత్తమ్మ, మా సాబ్. 'రేటు తెలుసా? ఎవలన్న ఫుల్ కొట్టిస్తరా? ఎక్కడికి పోవాలె నువ్వు? ఢిల్లీకా?' నేను చోరీ చేసిననా? రోజు మేకుకు ఏలాడే తాళంచెవి ఆ దినం బీరువ మీదికెక్కింది. నా చెయ్యి అందదు."

"సాబ్ ఏమీ అనలేదా?"

"ఆయన జెప్పిందే గది. పెట్రోల్ దండుగ అన్నడు. ఇక్కడ ఎన్నడన్న అన్నడా గా మాట? సముద్రం సూడనీకె పోయిన అంటె నవ్విండు. మనిషి గాయినే, పెట్రోల్ గదే. ఇమానం దిగినంక మాట మారింది."

తర్వాత అసలు సంగతి చెప్పింది. సాబ్ కంపెనీలో ఆయన పని వచ్చే ఏడాదితో అయిపోతుంది. ఆపా ఉండేది ఆయన వీసా మీద. ఇద్దరూ ఇంటికే. నిజామాబాద్‌లో స్కూలు లేదు, జీతం లేదు, సొంత బండి లేదు.

"ఇంటికి పోతె నా కాలు ఏం జెయ్యాలె టీచరమ్మా?" అంది, బ్రేకు మీదున్న పాదం చూపించి. "ఇంతకాలం అడగకుంట తిరిగింది. ఇప్పుడు మళ్ళ అడుక్కోవాల్నా? దవాఖానకు ఎవరన్న తీస్కపోండ్రి అని?"

జాలి మాటలు నాకు రావు. వచ్చింది చెప్పాను. ధర పెరిగితే ఏ ఇంట్లోనైనా దేనికో కోత పడుతుంది, ముందు ఎవరికి పడిందో చూస్తే ఆ ఇంట్లో ఎవరి ప్రయాణం దండగో తెలిసిపోతుంది అన్నాను. ఆపాకు కోపమొచ్చింది.

"మా సాబ్‌ను ఏమనకు. మంచోడు. రేటు చెడ్డది."

"రేటు అందరికీ ఒకటే కదా? మీ మరిది రోజూ బైకు మీద ఎక్కడికి వెళ్తాడు?"

"చాయ్ హోటల్‌కు."

"ఎంత దూరం?"

"మా గల్లీ మూలకే."

"ఆ బైకు ఆగిందా?"

రౌండెబౌట్ వచ్చింది. ఆ రోజు ఒక చుట్టు కూడా అదనంగా వెయ్యకుండా నేరుగా బయటికి తిప్పింది. గేటు దగ్గర ఆపాక, చెప్పు కోసం కాలితో వెతుకుతూ అంది. "ఆగలే."

ఆ ఏడాదంతా మాకు మామూలు తగువులే. వెళ్ళేముందు కారును ఒక మలయాళీ నర్సుకు అమ్మేసింది. తాళాలు ఇచ్చే రోజు సీట్లూ అద్దాలూ వదిలేసి, కిందికి వంగి పెడల్స్ మాత్రం తడిగుడ్డతో తుడిచింది. ఆ నర్సమ్మకు ఏం అర్థమైందో, తనూ వంగి చూసింది.

మళ్ళీ ఆమెను చూసింది ఇంకో వేసవిలో, అదే ఆఖరు. సికింద్రాబాద్ నుంచి రైల్లో నిజామాబాద్ వెళ్ళాను. ఆటో పట్టుకుంటానని ముందే చెప్పాను. స్టేషను బయటికొస్తే, పాతబడ్డ ఎర్ర చిన్న కారు, స్టీరింగు ముందు నల్ల తొడుగుల చేతులు. వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. ముందు సీట్లో వచ్చినామె రైలుకని దిగిపోయింది, ఆ సీటు నాకోసం.

"ఎక్కు టీచరమ్మా. కథ పెద్దగున్నది, బండి నిలవెట్టద్దు."

కథ చెప్పింది. స్కూలు వాళ్ళిచ్చిన ఆఖరి డబ్బుతో తన పేరు మీదే ఈ బండి కొంది. సాబ్ వద్దనలేదు, షరతు పెట్టాడు. పెట్రోలేమీ ఊరికే రాదు, ఒక్కదాని కోసం బండి వాకిలి దాటొద్దు, సీట్లన్నీ నిండితేనే తీయాలి. ఆ షరతుతో బండి ఎప్పటికీ కదలదని ఆయన ధీమా.

"కబూల్ అన్న," చెప్పింది ఆపా. "నిఖా దినం గూడ అంత గట్టిగ అనలే."

వెనకున్న ముగ్గురినీ చూపించింది. ఒకామెకు ఏడో నెల, పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి. ఇంకొకామెకు బ్యాంకులో పని. మూడో మనిషి ముసలావిడ, ఒళ్ళో మక్క ప్యాలాల డబ్బా పెట్టుకుని హాయిగా నములుతోంది.

"మీకెక్కడ పనమ్మా?" అని అడిగాను.

"నాకేం పనుంటది బిడ్డా? సీటు నింపనీకె వచ్చిన. నేను రాకుంటె ఈ పిల్ల దవాఖానకు పోవుడెట్ల?"

గల్లీలో వంతులున్నాయట. ఎవరికి పనిపడితే వాళ్ళకోసం మిగతావాళ్ళు వచ్చి కూర్చుంటారు. కొందరు వంతు కాకపోయినా వస్తారు. సాబ్ పొద్దున వాకిట్లో నిలబడి తలలు లెక్క చూసి లోపలికి పోతాడు. మాట మాటే. ఆయనా తప్పలేదు.

ఇంత చూశాక కూడా నా నోరు ఊరుకోలేదు. "అయితే ఖరీదే మంచిదంటారా? చౌకగా ఉన్నప్పుడు ఒక్కరే తిరిగారు, పిరమయ్యేసరికి ఊరంతా ఎక్కింది."

"ఎవరన్నరు మంచిదని?" ఆపా గొంతు లేచింది. "పిరం పిరమే. ఒక్కదాన్నే సముద్రం దాక పోవాల్నని ఇప్పటికి ఉన్నది నాకు. పిరమైందని ఇంట్ల కూసుంటమా? నువ్వు జెప్పిన పన్నులు, ఢిల్లీ, అన్ని ఈళ్ళకు జెప్పిన. ఈ ముసలామె ఏమంటదో తెలుసా? మోత కూలే అంటది."

"మోత కూలే," అంది ముసలావిడ నములుతూ.

రెండు రోజులున్నాను. తిరుగు ప్రయాణానికి స్టేషనుకు ఆమే దింపింది. మళ్ళీ వెనక ముగ్గురు, వేరే వాళ్ళు. నేను దిగి బ్యాగు తీసుకున్నాను. బండి కదలలేదు.

"వెళ్ళండి ఆపా. రైలుకు టైముంది."

"ఎట్ల పోవాలె? నీ సీటు ఖాలీ అయింది."

"సాబ్ ఇక్కడున్నాడా చూడ్డానికి?"

"లేడు. నేనున్న గదా."

అదీ ఆపా. నేను ఎండలో నిలబడ్డాను, ఆవిడ బండిలో కూర్చుంది, వెనకున్న ముగ్గురూ చీర కొంగులతో విసురుకుంటున్నారు. రోడ్డు పక్కన ఒకామె కూరగాయల సంచీ పెట్టుకుని షేర్ ఆటో కోసం చూస్తోంది. ఆపా అద్దం దించింది.

"ఎటు పోవాలె?"

"ఆర్మూర్ రోడ్డుకు."

"ఎక్కు."

ఆమె అనుమానంగా చూసింది. "ఎంతియ్యాలె?"

"ఏమియ్యద్దు. కూసో, చాలు. నువ్వెక్కకుంటె మేం పోలేం."

ఆమె బండిని చూసింది, వెనకవాళ్ళను చూసింది, చివరకు నన్ను చూసింది. "మరి గామె ఎందుకు దిగింది?"

"రైలుంది నాకు," అన్నాను.

నమ్మిందో లేదో గాని ఎక్కింది, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. తలుపు సరిగా పడలేదు. నేనే గట్టిగా తోశాను. ఆపా పక్కకు వంగి ఆమెకు బెల్టు లాగి కట్టింది. బండి కదిలింది. స్టేషను గేటు దాటేలోపే ముందు సీట్లో ఆ కొత్త మనిషి చెయ్యి ఊపుతూ ఏదో కాదంటోంది. ఆపా తల అటు తిప్పి, వినకుండానే జవాబు చెబుతోంది.